చివరి గాడిలో స్లైడు

రంగు పోసి ఆగాలి, నీళ్ళు కలిపి ఆగాలి, కడిగి ఆరబెట్టి మళ్ళీ ఆగాలి, ఈ ఉద్యోగంలో చేరిన రోజున రక్తం చూడటం నేర్పుతామన్నారే గానీ రక్తం కోసం కూర్చోవడం కూడా ఉంటుందని ఎవరూ అనలేదు, అది నాకు నేనే నేర్చుకున్నాను, ఇప్పటికీ సరిగా రాలేదు. భోజనాల వేళ కాబట్టి ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫ్రిజ్ గుర్రుమంటోంది, కిటికీ అవతల పార్కింగ్‌లో ఎవరో బండి వెనక్కి తీయలేక అవస్థ పడుతున్నారు, నా ఫోను మైక్రోస్కోపు పక్కన వెల్లకిలా పడి ఉంది, మోగదు. పొద్దున రక్తం డాక్టరు ఫోన్ చేశాడు, రక్తం డాక్టరు అన్న పేరు అక్క పెట్టిందే, ఆయన అసలు పేరు పలకడానికి తనకి ఓపిక లేదట. మీ అక్కకి మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్ చాలడం లేదమ్మా, మధ్యాహ్నం గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెడతాం, నిద్రమందు ఇచ్చే ముందు ఒకసారి వీడియోలో మాట్లాడిస్తాం అన్నాడు. మధ్యాహ్నం అంటే ఎప్పుడండీ అన్నాను. మధ్యాహ్నమే అన్నాడు. అక్క పైన ఉంది, నేను కింద ఉన్నాను, మా మధ్య ఒక లిఫ్టుంది, మెట్లున్నాయి, మెట్ల చివర ఒక తలుపుంది, ఆ తలుపు దాటి ఇంటివాళ్ళెవరూ లోపలికి వెళ్ళకూడదు. ఇదే ఆస్పత్రి కోటు వేసుకుని, ఇదే కార్డు మెడలో వేలాడేసుకుని, నేను కూడా ఆ ఇంటివాళ్ళలోనే ఒకదాన్ని. అక్క ఫోన్‌లోకి రాగానే ఏమడుగుతుందో నాకు తెలుసు, నా రక్తంలో ఏం కనపడిందే అంటుంది. రోజూ అదే అడుగుతుంది. రోజూ ఏమీ లేదక్కా, ఇంకా రాలేదు అని చెబుతున్నాను. ఈరోజు కూడా అదే చెప్పి తనని నిద్రలోకి పంపలేను, నాకిప్పుడు ఒకటే కోరిక, తను కళ్ళు మూసుకునే ముందు ఒక్క మంచి మాట, నిజమైన మంచి మాట నా చేతిలో ఉండాలి.

నిజమైనదే ఉండాలి, ఎందుకంటే అక్కకి అబద్ధం చెబితే పట్టేస్తుంది, మనుషుల ముఖాలు చూడటం తన వృత్తి. ఇంకో చిక్కుంది, అక్క రక్తం నేను చూడకూడదు. ఇంట్లోవాళ్ళ స్లైడు మనం చదవకూడదన్నది మా ల్యాబ్ నియమం, మంచి నియమమే, ఒకప్పుడు నేనే దానికోసం గట్టిగా వాదించాను, మనకి ఏం కావాలో అదే కనపడుతుంది సార్ అని కూడా అన్నాను. సార్ అంటే మా సీనియర్. వెనక మౌనస్వామి అంటాం, ఎదుట సార్ అంటాం, రెంటికీ పలకడు. అక్క ఈ ఆస్పత్రిలో చేరినప్పటినుంచి ఆమె స్లైడు ఆయనే చూస్తున్నాడు. చూసి, రిపోర్టు పంపి, ఆ స్లైడుని తీసుకెళ్ళి రాక్‌లో చివరి గాడిలో పెట్టి, పెన్సిల్‌తో నంబరు రాసిన కొసని గోడవైపు తిప్పి, డబ్బా పట్టుకుని భోజనానికి వెళ్ళిపోతాడు. మొదటి రోజు నాకు అర్థం కాలేదు. రెండో రోజు అర్థమైంది. ఆయన ఏమీ చెప్పలేదు, నేను ఏమీ అడగలేదు, నంబరు కనపడకపోతే అది ఎవరి స్లైడో నాకు తెలియనట్టే, నేను నియమం తప్పనట్టే. అలా రోజూ భోజనాల వేళ అక్కని చూసుకుంటున్నాను. లోకంలో ఎవరైనా అక్కని ఇలా చూస్తారా, ముఖం లేకుండా, గొంతు లేకుండా, వేలెడు గాజు మీద గులాబీ రంగు మరకలా, అయినా అదే నాకు దక్కింది, దానికోసమే పొద్దున్నుంచీ కాచుకుని ఉంటాను.

అక్కకి ఫోటో స్టూడియో ఉంది. మేం ఉండేది దాని మీదే, చెక్క మెట్లెక్కి పైకి రావాలి, ఆరో మెట్టు మూలుగుతుంది, అక్క దాన్ని బాగు చేయించదు, నువ్వు ఎప్పుడొచ్చావో తెలియాలి కదే అంటుంది, పెద్దదాన్నయ్యాక కూడా. కిందంతా తెల్ల తెర, గొడుగు లైటు, ఎత్తు సరిచేసే స్టూలు, అద్దం, అద్దం ముందు అందరూ వాడే దువ్వెన. జనం వచ్చి ఆ స్టూలు మీద కూర్చోగానే ఊపిరి బిగబట్టేస్తారు, ఎందుకో తెలియదు, ఫోటో తీసే ఆ క్షణం బతకడం మానేస్తేనే బాగా పడుతుందని అనుకుంటారు కాబోలు. గాలి వదలండి, గాలి వదిలితేనే మనిషిలా పడతారు అని అక్క రోజంతా అంటూనే ఉంటుంది. ఎవరు వచ్చినా గడ్డం కొంచెం దించమంటుంది, భుజాలు వదిలేయమంటుంది, దెబ్బలాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాల్ని పక్కపక్కన కూర్చోబెట్టి కొంచెం దగ్గరికి జరగండి, నా కోసం కాదు, ఫ్రేము కోసం అంటుంది. ఊళ్ళో సగంమంది ముఖాలు అక్క దగ్గరున్నాయి, అక్క ముఖం మాత్రం ఎవరి దగ్గరా లేదు. తను ఆస్పత్రికి వెళ్ళాక వెతికాను. నా ఫోను నిండా తను తీసిన నేనే ఉన్నాను, తింటూ, చదువుతూ, నోరు తెరిచి నిద్రపోతూ. అక్క ఒకచోట అద్దంలో పడింది, ముఖానికి కెమెరా అడ్డం, ఒక చెవి కనపడుతుంది, ఆ చెవికి నేను కొనిచ్చిన పోగు. ఆ చెవినే చూసుకుంటున్నాను. ఇంతకాలం కలిసి బతికి తనని ఒక్కసారి కూర్చోబెట్టి గడ్డం దించు అక్కా అనాలని నాకు ఎందుకు తోచలేదో.

మా ఇద్దరికీ కిటికీ దగ్గరే తగువు. తనకి తెరిచి ఉండాలి, నాకు మూసి ఉండాలి. దోమలక్కా అంటే దోమలకి కూడా నీ రక్తమే పరీక్షించుకోవాలని ఉంటుంది గుడ్లగూబా అనేది. రోజంతా మైక్రోస్కోపులోకి గుడ్లప్పగించి చూస్తానని నాకు గుడ్లగూబ అని పేరు. నాకు ఒళ్ళు మండేది. నిజంగా మండేదా, ఇప్పుడు గుర్తు చేసుకుంటే మంటేమీ తగలడం లేదు. తన పాదాలు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, పడుకోగానే వాటిని తెచ్చి నా పిక్కల మీద పెట్టేది, నేను అరిచేదాన్ని, తను నిద్ర నటించేది. ఇప్పుడు మంచమంతా నాదే, మధ్యలో పడుకోవచ్చు, అడ్డంగా పడుకోవచ్చు, నేను నా వైపు అంచునే పడుకుంటున్నాను, పిక్కలు వెచ్చగా ఉంటున్నాయి, ఆ వెచ్చదనం నాకు పడటం లేదు. కిటికీ తెరిచే పెడుతున్నాను. దోమలు వస్తున్నాయి, రానీ.

ముందు అలసట వచ్చింది, మెట్లెక్కుతూ ఆగిపోయేది, ఆరో మెట్టు మూలిగాక ఏడో మెట్టు చప్పుడు కోసం నేను పైన వంటింట్లో చెంచా పట్టుకుని ఆగేదాన్ని. తర్వాత చేతుల మీద కమిలిన మచ్చలు. రక్తం ఇక్కడికే తెచ్చాం, ఆ మొదటిసారి నియమం ఎవరికీ గుర్తులేదు, నేనే చూశాను, రక్తంలో ఉండకూడని, ఇంకా ఎదగని కణాలు, పెద్ద పెద్దవి, అన్నీ ఒకేలా, చూసిన క్షణమే తెలిసిపోయింది, అయినా స్లైడు చివరిదాకా చూశాను, ఎక్కడో ఒకచోట అది కాదని తేలుతుందేమోనని. రక్తం కాన్సర్. మందు ఎక్కించారు. చెడ్డవాటితో పాటు మంచివీ పోతాయి, కొన్నాళ్ళు ఎముకల్లో మజ్జ ఖాళీగా ఉంటుంది, తర్వాత కొత్తవి పుడతాయి, ఆ ఖాళీ రోజులు దాటడమే కష్టం అన్నాడు డాక్టరు. సరిగ్గా ఆ ఖాళీ రోజుల్లోనే వార్డులోకి కరోనా వచ్చింది. ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, మాస్కులున్నాయి, గ్లవ్స్ ఉన్నాయి, అయినా వచ్చింది. ఇలాంటి రోగుల్లో ఎంతమంది ఇంటికి వెళ్తారు డాక్టర్ గారూ అని అడిగితే వయసు అన్నాడు, జబ్బు ఏ దశలో ఉందో అన్నాడు, మందు ఎప్పుడెక్కించామో అన్నాడు, అన్నిటికంటే ముందు కొత్త కణాలు లేవాలమ్మా, లేస్తే దారి ఉంది అన్నాడు. నేను ఊరుకోలేదు, వ్యాసాలు చదివాను. వాటిల్లో రోగుల్లో ఎంతమంది మిగిలారో చూపే గీత ఒకటి ఉంటుంది, ఎడమ నుంచి కుడికి మెట్లు మెట్లుగా దిగుతూ పోతుంది, ఒక్కో మెట్టూ ఎవరో ఒకరు. చివర్లో గీత దిగడం మానేసి నేలబారుగా సాగుతుంది, అక్కడున్నవాళ్ళు బతికినవాళ్ళు, నేను ఆ చదును భాగాన్ని వేలితో తడిమాను, తెర మీద వేలిముద్ర పడింది. అక్కకి ఫోన్‌లో చెబితే, ఆ గీతలో నన్నెక్కడ నిలబెట్టారే, వెనక వరసలో పెట్టమను, నేను పొడుగు అంది. తన పక్క మంచం మీద రైలింజను డ్రైవరు ఉన్నాడట, రిటైరయ్యాడు, ఇదే జబ్బు, ఇదే మందు, ఇదే కరోనా. ఇద్దరూ తెర పక్కకి లాగించుకుని కబుర్లు చెప్పుకుంటారు. బయటికెళ్ళాక ఆయనకి టోపీతో ఫోటో తీస్తానని మాటిచ్చిందట. అక్కకి నేను తప్ప ఇంకొకరు దొరికారని నాకు ఈర్ష్య పుట్టింది, డెబ్భై ఏళ్ళ ముసలాయన మీద, ఊపిరాడక పడుకున్న మనిషి మీద. ఆయన అక్క గొంతు వింటున్నాడు కదా, ఎడంపక్కన, ఏ ఫోనూ లేకుండా.

ఫోను మోగదు. తీసి చూశాను, చార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. రాక్ వైపు చూశాను. చివరి గాడిలో స్లైడుంది, కొస గోడవైపు తిరిగి ఉంది. మౌనస్వామి డబ్బాతో వెళ్ళి కాసేపే అయింది. రంగు బల్ల మీద ట్రేలో ఇంకొక స్లైడు ఆరుతోంది, ఎవరిదో, దాన్ని కొంచెం పక్కకి జరిపి మోచేతికి చోటు చేసుకున్నాను. చివరి గాడి నుంచి స్లైడు తీశాను, అంచులు పట్టుకుని, నంబరు వైపు చూడకుండా, ఆయన ఇచ్చిన ఆ మర్యాదని నిలబెడుతూ. నూనె చుక్క వేసి లెన్సు దించాను. ముందు మసక, తర్వాత అక్క. ఇన్నాళ్ళుగా చూస్తున్నాను కదా, ఎర్ర కణాలు కొన్ని చిన్నవీ కొన్ని పెద్దవీ, మధ్యలో పాలిపోయినవి, అక్కడక్కడ ఒకదాని మీదికి ఒకటి ఒరిగినవి, వీధి చివర నడక చూసి మనిషిని పోల్చుకున్నట్టు నేను అక్క రక్తాన్ని ఎక్కడున్నా పోల్చుకుంటాను, వేరే ఎవరికీ చెప్పను గానీ పోల్చుకుంటాను. నీళ్ళు తక్కువ తాగినట్టుంది, నిన్నటికంటే చిక్కగా ఉంది, ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోదు. పక్కకి జరిపాను. ఖాళీ. మళ్ళీ జరిపాను. ఎర్రవే, ఎర్రవే, రోజూ ఇంతే. అంచుదాకా వెళ్ళి కిందికి దిగి వెనక్కి తిరిగాను. అక్కా, ఒక్కటి చూపించవే. చిన్నప్పుడు దాక్కునే ఆటలో నువ్వు దొరక్క నేను ఏడుపు మొహం పెడితే తలుపు చాటు నుంచి కావాలని ఒక చెయ్యి బయటపెట్టేదానివి, అలా ఒక్కటి.

ఉంది. నీలం కలిసిన బూడిద రంగులో పెద్దది, లోపల మడత పడిన కేంద్రకం, తీరుబడిగా కూర్చుని ఉంది. మోనోసైటు, తెల్ల కణాల్లో ఒక రకం. ఎండిపోయిన మజ్జ మళ్ళీ మేలుకుంటే ముందు వచ్చేవి ఇవే, వీటి వెనకే మిగతావి వస్తాయి, ఇది నేను కొత్తగా చేరినవాళ్ళకి పాఠంగా చెబుతాను. ఒక్కటే అయితే నమ్మకూడదని కూడా చెబుతాను. జరిపాను, ఇంకొకటి. జరిపాను, ఇంకొకటి, దాని పక్కన పసితనం పోని తెల్ల కణం, మంచిదే, చెడ్డది కాదు, రెండు మూడుసార్లు చూశాను, మంచిదే. నాకు ప్రాణం లేచి వచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను, కళ్ళు నిలవడం లేదు. వచ్చేస్తున్నావు అక్కా. ఆ గొట్టమేదో నాలుగు రోజులు పెట్టించుకో, ఈలోగా ఇవన్నీ పెరుగుతాయి, తర్వాత తీసేస్తారు, ఆ తర్వాత ఇల్లే. మెట్లు నెమ్మదిగా ఎక్కుదాం, ఆరోదాని దగ్గర ఎంతసేపు ఆగినా నేనేమీ అనను. అప్పుడు ఫోను మోగింది.

తెర మీద ముందు నర్సు గ్లవ్ కనపడింది, తర్వాత పైకప్పు, తర్వాత అక్క. మాస్కు, నున్నటి తల, మాస్కు పైన తన కళ్ళు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. నేనేదో అనబోయాను.

"కిటికీ... వైపు తిరగవే" అంది అక్క. మాట మాటకీ మధ్య గాలి తీసుకుంటోంది. "వెలుతురు వెనక నుంచి వస్తోంది. మొహం... కనపడట్లేదు."

తిరిగాను.

"గడ్డం కొంచెం దించు. ఆఁ. అదీ." కాసేపు నన్ను చూసింది, తర్వాత అడిగింది. "ఏం కనపడిందే ఇవాళ?"

"వచ్చాయి అక్కా. కొత్త కణాలు. మూడు చూశాను, నాలుగోది కూడా మంచిదే."

"ఆయన చెప్పమన్నాడా? రక్తం డాక్టరు?"

"కాదు, ఆయనకింకా తెలీదు. నేనే చూశాను. ఇప్పుడే. స్లైడు ఇంకా లెన్సు కిందే ఉంది."

అక్క నా ముఖాన్ని వెతికింది, స్టూలు మీద కూర్చున్నవాళ్ళని వెతికినట్టే. నేను దాచడానికి ఏమీ లేదు, వెతకనిచ్చాను. తన భుజాలు కిందికి దిగాయి.

"ఏడవకే గుడ్లగూబా. మంచి వార్త చెప్పి ఎవరైనా ఏడుస్తారా?"

"ఏడవట్లేదులే. ఇంట్లో కిటికీ తెరిచే పెట్టాను."

"మూసేయవే పిచ్చిదానా, దోమలొస్తాయి" అంది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు ఆగాక కళ్ళు మూసి తెరిచింది. "సరే అయితే. ఇంక పడుకుంటా."

ఫోను నల్లబడింది. దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను, ఎంతసేపో, బయట ఆ బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆకలేసింది. ఏదైనా తినాలి, క్యాంటీన్‌కి వెళ్ళి వేడిగా ఏదైనా తాగాలి, ఎవరితోనైనా మాట్లాడాలి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకైనా చెప్పాలి, మా అక్కకి కణాలు లేచాయండీ అని. మౌనస్వామి వచ్చాడు. డబ్బా బల్ల కింద పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా ముఖం చూశాడు, లెన్సు కింద ఉన్నదాన్ని చూశాడు, రాక్‌లో ఖాళీగా ఉన్న చివరి గాడిని చూశాడు. మామూలుగా చూపు తిప్పుకుని వెళ్ళిపోతాడు, వెళ్ళలేదు.

"అది మీ అక్కగారిది కాదమ్మా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, వాడక వాడక. "ఆవిడ శాంపిల్ గడ్డ కట్టిందని మళ్ళీ తెప్పించాను, ఆలస్యమైంది. అదిగో, ట్రేలో ఆరబెట్టాను. ఇది పక్క మంచం పెద్దాయనది. రాక్‌లో వేరే గాడి ఖాళీ లేక అక్కడ పెట్టాను, అలవాటుకొద్దీ కొస గోడవైపు తిప్పేశాను."

స్లైడు తీసి కొస తిప్పి చూశాను. నంబరు చివర అంకె వేరు. ఎవరికైనా చెప్పే మొదటి పాఠం, నంబరు చూడకుండా లెన్సు కింద పెట్టకూడదు. నడక చూసి పోల్చుకున్నానే. నీళ్ళు తాగలేదని కూడా పోల్చుకున్నానే. నేను కావాలనుకున్నదే కనపడింది, కావాలనుకున్నవాళ్ళదే అయింది, గాజు మీద ఎవరి రక్తమైనా గులాబీ రంగే, నాకు అక్క నడకా లేదు, అక్క పోలికా లేదు, తను ఎవరో పరాయి మనిషైనట్టు పొరబడ్డాను. మీ తప్పు కాదు సార్ అన్నాను, ఆయన అడగకపోయినా. తప్పు ఎవరిదైనా అయితే బాగుండేది, ఎవరినైనా తిట్టేదాన్ని.

"నేను చూస్తాను, లేవండి" అన్నాడు. నేను లేవలేదు. ఆయనే ట్రే దగ్గరికి వెళ్ళి, ఆ స్లైడు తీసి, నంబరు నాకు కనపడేలా నా ముందు పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. నంబరు చదివాను. పైకే చదివాను. నూనె చుక్క వేసి లెన్సు దించాను.

ఎర్రవే. కొన్ని చిన్నవీ, కొన్ని పెద్దవీ, మధ్యలో పాలిపోయినవి. జరిపాను, ఎర్రవే. ఖాళీ చోటు ఎక్కువగా ఉంది, ఈ ఖాళీ ఇదివరకు ఉన్నదే, కొత్తగా ఏమీ జరగలేదు, నిన్నటిలాగే ఉంది, నిన్న ఈ మాట తట్టుకున్నాను కదా, ఇవాళ ఎందుకు తట్టుకోలేకపోతున్నాను. బల్ల మీద ఆస్పత్రి ఫోను మోగింది. మౌనస్వామి తీసి నాకు అందించాడు. పైనుంచి నర్సు.

"గొట్టం వేసేశారండి, ఇబ్బంది లేకుండా అయింది. మందు ఇచ్చేటప్పుడు కూడా మీ అక్కగారు పక్క మంచం తాతగారితో మాట్లాడుతూనే ఉన్నారు. మా చెల్లి చూసింది, నాకు లేచాయట, మీకూ లేస్తాయి, దిగులు పడకండి అని చెప్పారు. ఆయన పాపం ఎంత సంతోషపడ్డారో. ఆవిడ లేచేదాకా నేను మెలకువగానే ఉంటానన్నారు." కాగితం తిప్పిన చప్పుడైంది. "డాక్టర్ గారు ఇద్దరి రిపోర్టులూ అడుగుతున్నారండీ."

"పెద్దాయనకి మోనోసైట్లు వచ్చాయి" అన్నాను. "మంచి సూచన. ఆయనకి చెప్పండి."

"అవునా. ఆయనకి కూడానా" అంది, గొంతులో నవ్వు వినపడింది. "మరి అక్కగారివి ఎన్నున్నాయని రాసుకోమంటారు?"

భుజంతో ఫోను చెవికి నొక్కి పట్టుకుని స్లైడు జరిపాను. ఖాళీ. కిందికి దింపి మళ్ళీ జరిపాను.

"ఉండండి" అన్నాను. "ఇంకా సగం ఉంది. చూస్తున్నాను."